మాన్యువల్ ఒకటే ఉండాలా, వెర్షన్‌కొకటి ఉండాలా?

ఒకే సాఫ్ట్‌వేర్ నాలుగు రకాలుగా చీలింది, పాత వెర్షన్లు వాడేవాళ్లూ ఉన్నారు, మాన్యువల్ ఒకటే రాయాలా, విడివిడిగా రాయాలా అని కదా మీరు అడిగింది. నేను రెండూ చేసి, రెండింట్లోనూ దెబ్బ తిన్నాను.

మాది కర్నూలులో ముగ్గురం నడిపే చిన్న ఆఫీసు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. మొదట మార్కెట్ యార్డులో ఉల్లి వ్యాపారులకు చేశాం. ఉల్లిగడ్డలకు జీఎస్టీ లేదు. బస్తాలు, కాటా, హమాలీ లెక్క సరిపోతే చాలు. తర్వాత ఆదోని నుంచి జిన్నింగ్ మిల్లు వాళ్లొచ్చారు. రైతు దగ్గర కొన్న పత్తికి జీఎస్టీ కొన్నవాళ్లే కట్టాలి, రివర్స్ చార్జ్ అంటారు. ఆ తర్వాత బేతంచెర్ల (ఇప్పుడది నంద్యాల జిల్లా లెండి) నాపరాళ్ల ఫ్యాక్టరీలు. అక్కడ బస్తా లేదు, కాటా లేదు, అంతా చదరపు అడుగులే. ఇట్లా ఒకే కోడ్ మూడు దార్లు పట్టింది. పైగా ఒక్కో దాంట్లో పాత వెర్షన్ 2, కొత్త వెర్షన్ 3.

అన్నింటికీ ఒకే మాన్యువల్ ఇచ్చిన రోజుల్లో బేతంచెర్ల నుంచి ఒక గుమాస్తా ఫోన్ చేశాడు. "ఏంది సార్, మీ పుస్తకంలో ఎఫ్8 నొక్కమని ఉంది, నొక్కితే బిల్లే పాయె!" ఉల్లి వెర్షన్‌లో ఎఫ్8 అంటే ప్రింటు. రాళ్ల వెర్షన్‌లో అదే బిల్లు రద్దు. బయట లారీ లోడై నిలబడి ఉంది, డ్రైవర్ హారన్ ఫోన్లో నాకే వినిపిస్తోంది. తప్పు పూర్తిగా మాదే.

ఆ దెబ్బతో ఆరు ఫైళ్లు చేశాం. కాపీ, పేస్ట్. బ్యాకప్ తీసే పద్ధతి మారినప్పుడు నాలుగింట్లో దిద్ది రెండు మరిచిపోయాం. ఏ రెండో కనిపెట్టడానికే ఒక పూట పట్టింది.

అప్పుడు అర్థమైంది, మేం రెండు వేర్వేరు తేడాలను ఒకే గాటన కడుతున్నామని. ఒకటి కాలంతో వచ్చిన తేడా, ఇంకోటి వ్యాపారాన్ని బట్టి వచ్చిన తేడా.

కాలంతో వచ్చినదాన్ని కోడ్‌తో పాటే ఉంచండి, గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే సాధనం) అదే బ్రాంచిలో, అంటే ఆ వెర్షన్‌కు విడిగా ఉంచిన శాఖలో. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకు ఈ-ఇన్వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయడం) తప్పనిసరి అయింది కదా, ఆ పేజీ మా 3వ వెర్షన్ బ్రాంచిలోనే ఉంది. 2లో ఆ సౌకర్యమే లేదు కాబట్టి పేజీ కూడా లేదు. పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్), జాంగో (వెబ్‌సైట్లు కట్టే సాధనం) వాళ్లు కూడా మాన్యువల్ వెర్షన్‌కొక సెట్ పెడతారు. పోస్ట్‌గ్రెస్ పేజీల్లో పైన, అదే పేజీకి మిగతా వెర్షన్ల లింకులుంటాయి. మేం దాన్నే అనుసరించాం. అది పనిచేయాలంటే ఫైళ్ల పేర్లు ఊరికే మార్చకూడదు.

చిన్న మార్పులకు కొత్త పేజీ అక్కర్లేదు, "3.2 నుంచి" అని ఒక ముక్క చాలు. మాన్యువల్ తయారుచేసే స్ఫింక్స్ అనే సాధనంలో దీనికి వెర్షన్‌యాడెడ్, వెర్షన్‌చేంజ్డ్ అనే గుర్తులు ఉన్నాయి. 3.2 కంటే పాతది ఎవరి దగ్గరా లేనప్పుడు ఆ ముక్కలు తీసేయండి. తీయకపోతే పేజీ నిండా పాత పోస్టర్లు అంటించిన గోడలా తయారవుతుంది.

వ్యాపారాన్ని బట్టి వచ్చిన తేడాకు మాత్రం బ్రాంచి పెట్టకండి. మూలం ఒకటే ఉంచి షరతులు పెట్టండి. మాన్యువల్ రాసే ఆస్కీడాక్ అనే పద్ధతిలో, ఫలానా రకానికైతేనే ఈ భాగం వెయ్యి అని చెప్పే ఇఫ్‌డెఫ్ ఉంది, మేం వాడేది అదే. ఇన్‌స్టాల్, బ్యాకప్, పాస్‌వర్డ్ పేజీలు అందరికీ ఒకటే. షరతు పేరాకో సెక్షన్‌కో పెట్టాలి గానీ వాక్యం మధ్యలో పెట్టొద్దు. నేను పెట్టాను, "బస్తాల చదరపు అడుగులు" అని ప్రింటైంది. పేజీలో సగానికి సగం షరతులే అయితే మొహమాటపడకుండా రెండు పేజీలు చేసేయండి.

ఇవన్నీ చేసినా, తన దగ్గరున్నది ఏ వెర్షనో చదివేవాళ్లకు తెలియదు. "నీలం స్క్రీన్ వచ్చేది సార్" అంటారు. అందుకే విండో పైనే "రాళ్లు 3.2" అని వేసి, ఎఫ్1 నొక్కితే నేరుగా దాని మాన్యువలే తెరుచుకునేలా చేశాం. అసలు ముందు చేయాల్సిన పని ఇదే, మేం చివర చేశాం.

పాత వెర్షన్ ఆపేసినా దాని పేజీలు తీసేయకండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 2వ వెర్షన్‌కు సపోర్టు 2020 జనవరి 1తో ముగిసింది, అయినా అందులో చివరిదైన 2.7 మాన్యువల్ ఇప్పటికీ చదవొచ్చు, పైన హెచ్చరికతో.

ఇక ఎఫ్8 సంగతి. ఇప్పటికీ రెండు చోట్ల రెండు పనులే చేస్తోంది. మార్చేద్దామంటే యార్డు వాళ్లు వేళ్లకు అలవాటైందంటారు, బేతంచెర్ల వాళ్లూ అదే మాట. చివరికి రాళ్ల వెర్షన్‌లో రద్దుకు ముందు "నిజంగానేనా?" అని అడిగే పెట్టె ఒకటి పెట్టాం. మాన్యువల్లో మూడు పేరాల హెచ్చరిక తీసేశాం.