చేతిలోని ఫోను కంప్యూటరేనా?

గుణుపురం పాఠకుడొకరు ఎండాకాలంలో తన ఫోను చేయి కాలేంత వేడెక్కుతోందని రాయగా, గత సంచికలో ఇచ్చిన జవాబులో "మీ ఫోను కూడా ఒక కంప్యూటరే కాబట్టి పని పెరిగితే వేడీ పెరుగుతుంది" అని ఒక వాక్యం రాశాను. వేడి సంగతి ఎవరికీ పట్టలేదు గాని, ఆ ఒక్క వాక్యం మీద ఒడిశాలోని బరంపురం నుంచి మహారాష్ట్రలోని సిరొంచ దాకా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరం నన్ను తప్పుపట్టినది గనుక దానికే ఎక్కువ చోటు కేటాయించాను.

ప్రశ్న: అయ్యా, నేను రైల్వే రిజర్వేషను కౌంటరులో పనిచేసి రిటైరైనవాడిని. 1990 ప్రాంతాల నుంచి ఉద్యోగం ముగిసేదాకా కంప్యూటరు ముందే కూర్చున్నాను. తెర, కీబోర్డు, ప్రింటరు ఉన్నదే కంప్యూటరు. మాట్లాడుకోవడానికి కొన్న వస్తువును కంప్యూటరు అనడం అతిశయోక్తి కాదా? మా మనవడు మీ పక్షం వహిస్తున్నాడు. ఇంట్లో వాదన తెగడం లేదు.
(ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: అయ్యా, మీ అనుభవాన్నే ఆధారంగా తీసుకుని జవాబు చెబుతాను, కోపగించుకోకండి. ఆ తొలి ఏళ్లలో మీ బల్ల మీద ఉన్నది నిజానికి కంప్యూటరు కాదు. దాన్ని టెర్మినల్ అనేవారు. మీరు నొక్కిన అక్షరాలను తీగ వెంట పంపడం, అవతలి నుంచి వచ్చిన అక్షరాలను తెర మీద చూపడం, ఇంతే దాని పని. బెర్తులు లెక్కపెట్టిన కంప్యూటరు ఎక్కడో కలకత్తా కేంద్రంలో ఉండేది. లైను తెగిన రోజున కౌంటరు ముందు క్యూ అలాగే నిలిచిపోయి, మీరు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చేది గదా, అందుకు కారణం ఇదే. మీ మనవడి ఫోను విమానం మోడులో ఉన్నా లెక్కలు కడుతుంది, ఫోటోలు దిద్దుతుంది, చదరంగం ఆడుతుంది. తెర, కీబోర్డు ఉన్నాయా లేవా అన్న కొలతతో చూస్తే మీ టెర్మినల్ గెలుస్తుంది గాని, లెక్కకట్టే బుద్ధి ఎక్కడ ఉంది అని చూస్తే మనవడి ఫోనే గెలుస్తుంది.

అయితే కంప్యూటరుకు గుర్తు ఏమిటి? 1940లలో అమెరికాలో తయారైన ఎనియాక్ అనే భారీ యంత్రం సెకనుకు 5,000 కూడికలు చేసేది. కాని దానికి కొత్త పని అప్పగించాలంటే తీగలు ఊడదీసి మళ్లీ గుచ్చాలి, స్విచ్చులు తిప్పాలి, ఒక్కోసారి దానికి రోజులు పట్టేది. 1945లో గణిత శాస్త్రవేత్త జాన్ ఫాన్ నాయ్‌మన్ పేరుతో వెలువడిన నివేదిక ఈ చిక్కుకు దారి చూపింది. చేయవలసిన పనిని వివరించే ఆదేశాలను కూడా అంకెల లాగే యంత్రం జ్ఞాపకంలో పెట్టేస్తే, తీగలను ముట్టుకోకుండా ఆదేశాలు మార్చి పని మార్చవచ్చు. అప్పటి నుంచి కంప్యూటరుకు ముఖ్యమైన గుర్తు ఇదే అయింది. మన ఇళ్లలోని పాత ల్యాండ్‌లైను ఫోనుకు ఈ గుణం లేదు, అది పుట్టిన నాడు ఏం చేసిందో మూలపడే నాడూ అదే చేసింది. స్మార్ట్‌ఫోనులో ఒక యాప్ వేసుకుంటే అది దిక్సూచి అవుతుంది, ఇంకొకటి వేసుకుంటే కిరాణా ఖాతా పుస్తకం అవుతుంది, ఆ యంత్రం తయారైన నాటికి ఎవరి ఊహలోనూ లేని పనిని కూడా రేపు చేయగలదు.

ఇక్కడ చాలామంది చంద్రుడి మీదికి వెళ్లిన నౌకలోని కంప్యూటరు కంటే మీ ఫోను ఎన్నో రెట్లు గొప్పదని చెబుతారు. నిజమే గాని, ఆ పోలిక నాకు రుచించదు. 1976 నాటి ప్రసిద్ధ సూపర్ కంప్యూటరు క్రే-1లో గరిష్ఠ జ్ఞాపకశక్తి 8 ఎంబీ, ఈనాటి మామూలు ఫోనులోని 4 జీబీ దానికి ఐదు వందల రెట్లకు పైనే. అయినా వేగమూ పరిమాణమూ కంప్యూటరును నిర్ణయించవు. ఎంత వేగంగా కూడినా కాలిక్యులేటరు కాలిక్యులేటరే, ఎంత నెమ్మదిగా నడిచినా ఆదేశాలు మార్చుకోగలిగినది కంప్యూటరే.

ఇంకొక సంగతి మీ మనవడికి కూడా తెలియకపోవచ్చు. ఫోనులో మాట్లాడే పని చూసుకోవడానికి వేరుగా ఒక ప్రాసెసరు ఉంటుంది. టవరుతో సంకేతాలు ఇచ్చిపుచ్చుకోవడం దాని వంతు, మిగతా సమస్తమూ ప్రధాన ప్రాసెసరుది. అంటే మనం ఫోను అని పిలిచే వస్తువులో అసలైన ఫోను ఒక మూల సర్దుకుని కూర్చున్న భాగం మాత్రమే. ఆ ప్రధాన ప్రాసెసరు వంశం చూసినా ఇదే తేలుతుంది. దాదాపు అన్ని ఫోనుల్లోనూ ఉన్న ఆర్మ్ తరహా చిప్పును 1985లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే సంస్థ బల్ల మీది కంప్యూటర్ల కోసమే తయారుచేసింది. తక్కువ కరెంటుతో నడుస్తుంది గనుక తర్వాత అది ఫోనుల్లోకి వెళ్లింది. 2020లో ఆపిల్ సంస్థ అదే తరహా చిప్పును తన ల్యాప్‌టాపుల్లోకి తెచ్చింది. 1994లో అమ్మకానికి వచ్చిన, తొలి స్మార్ట్‌ఫోనుగా చెప్పుకునే సైమన్‌ను రూపొందించినదీ కంప్యూటర్ల సంస్థ ఐబీఎమ్మే. ఈనాటి ఆండ్రాయిడ్ ఫోనుల అడుగున యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాముగా ఉన్నది లినక్స్, పెద్ద పెద్ద సర్వర్లను నడిపేదీ అదే.

మరి మనకు అది కంప్యూటరులా ఎందుకు తోచదు? పేరు వల్ల అని నా అనుమానం. తెలుగులో చరవాణి అన్నాం, సరిహద్దుకు అవతల మరాఠీలో భ్రమణధ్వని అన్నారు. ఒకటి వాణిని పట్టుకుంది, ఇంకొకటి ధ్వనిని పట్టుకుంది. రోజంతా తెర మీద వేలు కదిపి, పది నిమిషాలు మాత్రం మాట్లాడే వస్తువుకు మాట పేరే మిగిలింది. కంప్యూటరు అన్న మాటకూ ఇలాంటి చరిత్రే ఉంది. ఒకప్పుడు ఆ మాటకు అర్థం లెక్కలు కట్టే మనిషి. 1831లో భారత త్రికోణమితి సర్వేలో రాధానాథ్ సిక్దార్ చేరిన ఉద్యోగం పేరు కంప్యూటరే. ఎవరెస్టుగా తర్వాత పేరుపడిన శిఖరం ఎత్తు లెక్కకట్టినవాడు ఆయన. 1856లో ఆ ఎత్తును 29,002 అడుగులుగా ప్రకటించారు. మనిషి నుంచి గదినిండా పట్టే యంత్రానికీ, అక్కడి నుంచి బల్ల మీది పెట్టెకూ జరిగిన మాట, జేబు దగ్గర ఆగిపోవాలని నియమమేమీ లేదు.

ఒక్కచోట మాత్రం మీదే న్యాయం. దుకాణానికి వెళ్లి కంప్యూటరు కావాలని అడిగినవాడి చేతిలో ఎవరూ ఫోను పెట్టరు. వాడుకలో ఆ తేడా ఉంది, ఉంటుంది కూడా.

ప్రశ్న: మా అమ్మాయి ప్లస్ టూ ముగించి ప్లస్ త్రీ (డిగ్రీ) కామర్సులో చేరింది. ల్యాప్‌టాపు అడుగుతోంది. మీ జవాబు చదివి వాళ్ల నాన్నగారు "ఫోను కంప్యూటరే అని పత్రికలోనే రాశారు, ఇంకొకటి ఎందుకు?" అంటున్నారు. మీరే ఏదో ఒకటి చెప్పండి.
(ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)

జవాబు: అమ్మా, నా వాక్యం మీ అమ్మాయికి అడ్డుపడుతుందని అనుకోలేదు. చెంచాతోనూ వడ్డించవచ్చు, గరిటెతోనూ వడ్డించవచ్చు గాని, పెళ్లివంటలో సాంబారు గుండిగను చెంచాతో కలపమని వంటవాడికి ఎవరూ చెప్పరు. పాఠాలు వినడం, నోట్సు చదవడం, అడ్మిషను దరఖాస్తు నింపడం ఫోనులో జరిగిపోతాయి. దరఖాస్తులో కూడా ఫోటోను, సంతకాన్ని అడిగిన కేబీలకు కుదించవలసి వచ్చేసరికి జెరాక్స్ దుకాణం దారి పడుతున్నవాళ్లను మీరు చూసే ఉంటారు.

కామర్సు విద్యార్థికి అసలు అవసరం వేరు. జమాఖర్చులకు దేశమంతా వాడే ట్యాలీ విండోస్ కంప్యూటరు మీదే నడుస్తుంది. ఇరవై వరుసలు, పన్నెండు నిలువు గడులు ఉన్న ఎక్సెల్ పట్టికలో తప్పు ఎక్కడుందో అరచేతి తెర మీద వెతకడం కళ్లకు శిక్ష. ఫోనుకు కీబోర్డు తగిలించవచ్చు, ఆండ్రాయిడులో టెర్మక్స్ వంటి యాప్ వేసుకుని ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష కూడా నేర్చుకోవచ్చు. కొన్ని ఖరీదైన ఫోనులను తెరకు కలిపితే డెస్క్‌టాపులా పనిచేస్తాయి. శాంసంగ్ 2017లోనే డెక్స్ పేరుతో ఆ సౌకర్యం తెచ్చింది. చవక ఫోనుల్లో చాలావాటికి తీగ ద్వారా తెరకు బొమ్మ పంపే ఏర్పాటే ఉండదు. కాబట్టి ఆ దారిన ఖర్చు తగ్గుతుందని నేను చెప్పలేను.

కొత్తది భారమైతే వాడినది కొనండి. 8 జీబీ ర్యాము, ఎస్ఎస్‌డీ (పాత హార్డ్‌డిస్కు కంటే వేగంగా పనిచేసే నిల్వ భాగం) ఉండాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక, ఆ యంత్రం విండోస్ 11ను అధికారికంగా స్వీకరిస్తుందో లేదో అమ్మేవాడి దగ్గరే తేల్చుకోండి. ఇంటెల్ చిప్పు ఉన్నదైతే సాధారణంగా ఎనిమిదో తరం నుంచి పైవి దొరికితే చాలు. వాళ్ల నాన్నగారికి ఈ పేజీ కూడా చూపించండి.

ప్రశ్న: మా ఊరి బోర్డుల మీద కంప్యూటరును మరాఠీలో సంగణక్ అని రాస్తారు. ఫోనును ఎవరూ అలా అనరు. నా దుకాణంలో పనిచేసి మానేసిన కుర్రాడు నాకు తెలియకుండా నా ఫోను తెరిచి, ఖాతా యాప్‌లోని బాకీల లెక్కలు చెరిపేశాడు. ఇది కంప్యూటరు నేరం అవుతుందా, ఫోను గనుక కాదా?
(ఒక వ్యాపారి, సిరొంచ)

జవాబు: అవుతుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కంప్యూటరును పెట్టె ఆకారంతో నిర్వచించలేదు. తార్కిక, గణిత, జ్ఞాపక సంబంధమైన పనులు చేసే, సమాచారాన్ని వేగంగా ప్రాసెస్ చేసే ఎలక్ట్రానిక్ సాధనం ఏదైనా అందులోకి వస్తుంది. ఈ ప్రశ్న మన తెలుగువారి హైకోర్టు ముందుకే ముందుగా వచ్చిందని చెప్పాలి. ఒక టెలికాం కంపెనీ ఇచ్చిన ఫోనుల్లోని గుర్తింపు సంఖ్యలను మార్చి వేరే కంపెనీ సేవకు మళ్లించారన్న వివాదంలో, సెల్‌ఫోను ఈ నిర్వచనం కింద కంప్యూటరే అని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లో తీర్పు చెప్పింది. అప్పటికి టచ్ తెర ఫోనులు ఇంకా మన చేతికి రాలేదు, అది బటన్ల ఫోను గురించిన మాట. 2008 సవరణ 2009 అక్టోబరు 27 నుంచి అమలులోకి వచ్చి, సెల్‌ఫోనును సమాచార ప్రసార సాధనంగా పేరుపెట్టి మరీ చట్టంలో చేర్చింది.

అనుమతి లేకుండా తెరవడం, ఉన్న సమాచారం చెరిపేయడం 43వ సెక్షను కిందికి వస్తాయి. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను ప్రకారం మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దర్యాప్తు చేసే అధికారి ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గకూడదు. ఫిర్యాదు ఇచ్చేదాకా ఆ యాప్‌ను తీసివేయకండి, ఫోనును రీసెట్ చేయకండి. బాకీల లెక్క సర్వరులో నకలుగా మిగిలి ఉండే అవకాశం ఉంది.

పన్నుల వారి లెక్క మాత్రం వేరు. కస్టమ్స్ పట్టికలో ఫోనులు 8517 శీర్షిక కింద, కంప్యూటర్లు 8471 కింద ఉంటాయి. ఒకే వస్తువును నేరాల చట్టం ఒక కంటితో, సుంకాల పట్టిక ఇంకొక కంటితో చూస్తున్నాయి.

ప్రశ్న: నేను రాయగడ జిల్లాలో బడి మాస్టారిని. నా విద్యార్థుల్లో సవర గిరిజన పిల్లలు ఉన్నారు. వాళ్ల భాషకున్న సొరంగ్ సొంపెంగ్ లిపిలో పాఠం తయారుచేసి పంపితే వాళ్ల పాత ఫోనుల్లో అక్షరాలకు బదులు గళ్లు వస్తున్నాయి. ఫాంటు వేద్దామంటే ఫోను ఒప్పుకోవడం లేదు. చెప్పిన మాట వినని యంత్రాన్ని కంప్యూటరు అనవచ్చా?

జవాబు: మాస్టారూ, వచ్చిన ఉత్తరాల్లో నన్ను నిజంగా ఇరుకున పెట్టినది మీదే. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవరను తెలుగు అక్షరాలతో రాశారు. 1936లో మంగెయి గొమాంగో సవరకు సొంత లిపి కల్పించారు. 2012లో ఆ లిపి, అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటరు సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లోకి ఎక్కింది. ఇంత దూరం వచ్చిన అక్షరం పిల్లవాడి ఫోను గడప దగ్గర ఆగిపోయింది. డెస్క్‌టాపులో ఫాంటు ఫైలు మీద రెండుసార్లు నొక్కితే పని అయిపోతుంది. ఫోనులో వ్యవస్థకు సంబంధించిన భాగాన్ని తయారీదారు తాళం వేసి ఇస్తాడు, ఆ తాళం తీయడం మామూలు మనిషికి చేతకాదు, తీస్తే చాలా బ్యాంకు యాప్‌లు పనిచేయడం మానేస్తాయి. ఐఫోనులోనైతే మన దేశంలో సంస్థ దుకాణం నుంచి తప్ప యాప్‌లే వేసుకోనివ్వరు.

ఈ తాళాన్ని పూర్తిగా తిట్టడానికీ నాకు మనసొప్పదు. పెళ్లి శుభలేఖ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ఆండ్రాయిడ్ యాప్‌ను వేసే ఫైలును) నొక్కి డబ్బు పోగొట్టుకున్నవారి కథలు మీరూ విని ఉంటారు. ఏ ప్రోగ్రామునైనా వేసుకోగల యంత్రం గనుకనే దొంగ ప్రోగ్రామూ దూరుతుంది, ఆ భయం వల్లనే తాళాలు పెరుగుతున్నాయి. అయితే ఏ తలుపుకు తాళం ఉండాలో నిర్ణయించే అధికారం కొన్నవాడికి కొంచెమైనా మిగలాలి గదా. దొంగను ఆపే తాళమే ఫాంటునూ ఆపడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. కనుక, స్వభావం చేత అది కంప్యూటరే అంటాను. మీ చేతికి వచ్చేసరికి అందులో సగం మీది కాకుండా ఉందన్న మీ ఫిర్యాదునూ ఒప్పుకుంటాను.

ప్రస్తుతానికి బడిలోనో జెరాక్స్ దుకాణంలోనో ఉన్న కంప్యూటరులో నోటో సాన్స్ సోరా సోంపెంగ్ అనే ఉచిత ఫాంటు వేసి పాఠం టైపు చేయండి. దాన్ని పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు ఫాంటును ఫైలులో పొదిగే ఎంపికను ఉంచండి. అక్షరాల ఆకారాలు ఫైలుతోపాటే వెళతాయి గనుక పిల్లల ఫోనుల్లో గళ్లు రావు.