పెళ్లికి ముందు బాప్తిస్మం

అమ్మాయీ,

వందనాలు. నీ ఉత్తరమూ, నువ్వు రాస్తున్న నవల మొదటి పన్నెండు అధ్యాయాలూ అందాయి. ఉత్తరంలో సగానికి సగం, క్రైస్తవ ప్రేమకథలు రాసే నీ అభిమాన అమెరికా రచయిత్రి మీద కోపమే. చిన్నప్పటి నుంచి ఆమె రాసినదల్లా చదివావు. కొత్త నవల కోసం ఏడాది ఎదురుచూశావు. తీరా అది చేతికొచ్చాక చివరి పేజీలు బలవంతాన తిరగేశానన్నావు, మోసపోయానన్నావు. నేనూ తెప్పించుకుని చదివాను. నీ కోపం న్యాయమైనదే. అయితే నువ్వు చెప్పిన కారణం మాత్రం నాకు నచ్చలేదు. బైబిలు వాక్యాలు మరీ ఎక్కువయ్యాయట! ఆమె పాత పుస్తకాల్లో ఇంతకు రెట్టింపు వాక్యాలున్నాయి. అవి నీకు అడ్డు రాలేదు సరికదా, కొన్ని కంఠతా పట్టావు కూడా.

నిన్ను నొప్పించినవి ఆసుపత్రి దగ్గరి మూడు పేజీలు. అన్న చనిపోయినప్పటి నుంచి దేవుడి పేరెత్తితేనే మండిపడే మనిషి ఒక రాత్రి ఆసుపత్రి వరండాలో మోకాళ్లూనాడు. తెల్లవారితే ఆదివారం, చర్చికి వచ్చేశాడు. ఆ పై వారం ఉంగరం తొడిగాడు. అన్న చావు సంగతేమిటి? ఇన్నాళ్లూ ఎవరి మీద కోపం, ఇప్పుడు ఎవరిని క్షమించాడు? రచయిత్రి అడగలేదు. ఆమెకు విశ్వాసి అయిన పెళ్లికొడుకు కావాలి, పేజీలేమో అయిపోతున్నాయి.

ఈ చిక్కు ఆమె ఒక్కదానిదే కాదు, ఈ తరహా నవలతోనే పుట్టింది. "మీరు అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి" అని పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో ఉంది కదా, అంటే అవిశ్వాసిని పెళ్లాడకూడదని. క్రైస్తవ ప్రేమకథలు రాసేవాళ్లు, అచ్చువేసేవాళ్లు, కొని చదివేవాళ్లు చాలావరకు ఆ మాటకు కట్టుబడినవాళ్లే. కాబట్టి మొదటి అధ్యాయంలో హీరో అవిశ్వాసి అని తెలియగానే, చివరికి మారతాడని చదివేవాళ్లకు తెలిసిపోతుంది. అది ఫరవాలేదు. ప్రేమకథలో పెళ్లవుతుందని కూడా తెలిసే చదువుతాం. అసలు ఇబ్బంది ఏమిటంటే, మారినందుకు అతనికి దక్కే బహుమానం కథానాయికే. ఇతను దేవుణ్ణి చూసి మారాడా, పిల్లను చూసి మారాడా అనే అనుమానం అక్కడ పుడుతుంది. ఆ అనుమానాన్ని రచయిత పట్టించుకోకపోతే పుస్తకం ఎంత భక్తిగా ఉన్నా ఉత్తిదైపోతుంది.

పట్టించుకున్నవాళ్లు ఏం చేశారో చూడు. అమెరికాలో ఈ నవలలకు ఇప్పుడున్న మార్కెట్టుకు దారి తీసిన పుస్తకంగా జానెట్ ఓక్ రాసిన "లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ"ని చెబుతారు. 1979లో బెతనీ హౌస్ ప్రచురించింది. పడమటికి వలస వెళ్తూ దారిలో భర్తను పోగొట్టుకున్న గర్భవతి మార్టీ. భార్య పోయి చంటిపిల్లతో ఉన్న రైతు క్లార్క్. మార్టీ భర్తను పూడ్చిపెట్టిన రోజే అతను వచ్చి పెళ్లి మాట ఎత్తుతాడు. నా పాపకు తల్లి కావాలి, నీకు చలికాలం గడవాలి, వసంతంలో తూర్పుకు బండ్లు బయలుదేరేటప్పుడు వెళ్లిపోదామనుకుంటే దారి ఖర్చు నేనిస్తాను, పాపను మాత్రం వెంట తీసుకువెళ్లు అంటాడు. రచయిత్రి నేర్పు ఎక్కడుందో కనిపెట్టావా? పెళ్లి మొదట్లోనే అయిపోయింది. తర్వాత మార్టీ మనసు దేవుడి వైపు తిరిగితే దాంతో ఆమెకు కొత్తగా మొగుడేమీ రాడు. ఇక వసంతం రాగానే వెళ్లిపోయే హక్కు ఆమె చేతిలోనే ఉంది. వెళ్లగలిగిన మనిషి కాబట్టే ఆమె ఉండిపోవడానికి విలువ వచ్చింది. భాష సాదాసీదాగా ఉంటుంది, అక్కడక్కడ చాదస్తం కూడా ఉంది, అయినా ఆ అమరిక ముందు నేను చేతులు జోడిస్తాను.

ఇంకా పాతది కావాలంటే రూతు గ్రంథం తీయి. సండే స్కూల్లో విన్నది పక్కనపెట్టి, నవల చదివినట్టు చదువు. "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అని రూతు అన్నది ఎవరితో? పెళ్లి కార్డుల మీద అచ్చేసుకునేవాళ్లు మరిచిపోతారు గాని, అత్తగారితో. అదీ ఎప్పుడు? నా కడుపున ఇక కొడుకులు పుట్టరు, నాతో వస్తే మీకు మళ్లీ పెళ్లి ఆశ లేదు, పుట్టిళ్లకు పొండి అని నయోమి తేల్చి చెప్పాక. తోడికోడలు ఓర్పా ముద్దుపెట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. రూతు అప్పుడు ఆ మాట అంది. బోయజు అనే మనిషి ఉన్నాడని ఆమెకు అప్పటికి తెలియదు, అతను వచ్చేది రెండో అధ్యాయంలో. వచ్చాక కూడా అతని ప్రేమ ఎలా కనిపిస్తుంది? పరిగె ఏరుకునే ఆమె కోసం పనల్లోంచి పిడికెళ్లు కావాలనే లాగి పడేయండి, ఆమెను గద్దించకండి అని కోత కోసేవాళ్లకు చెబుతాడు. ఆ సంగతి ఆమె ఎదుట ఒక్క ముక్క అనడు. ఇంకో విషయం. ఆ గ్రంథమంతటిలో దేవుడు ఫలానా పని చేశాడని కథకుడు తన నోటితో చెప్పేది రెండే చోట్ల. కరువు తీర్చినప్పుడు, రూతు గర్భవతి అయినప్పుడు. మిగతా అంతా మనుషులే ఆయన పేరున ఒకరినొకరు దీవించుకుంటారు. నీ అధ్యాయాల్లో దేవుడు ఎన్నిసార్లు స్వయంగా పనిలోకి దిగాడో లెక్కపెట్టుకో.

నీ రచయిత్రికి ఇవన్నీ తెలియవని అనుకోకు. ప్రేమ నవలలు అచ్చువేసే హార్లెక్విన్ లాంటి సంస్థ క్రైస్తవ ప్రేమకథల కోసం 1997లో "లవ్ ఇన్‌స్పైర్డ్" వరుసను మొదలుపెట్టిందంటే ఇది ఎంత పెద్ద వ్యాపారమో అర్థం చేసుకో. అలాంటి వరుసల్లో నవల నిడివి యాభై అయిదు వేల మాటల దగ్గర ఉండాలి, గడువుకు అందాలి. మన వారపత్రికల సీరియళ్ల కాలంలోనూ పేరున్న రచయిత్రులు ఒకేసారి రెండు మూడు చోట్ల రాశారు, కొన్ని ముగింపులు అలాగే తేలిపోయాయి. ఆమె తర్వాతి పుస్తకం వస్తే కొనుక్కో.

ఇప్పుడు నీ నవల. నీ కుర్రాడు నాకు బాగా నచ్చాడు. చర్చి మీటింగులకు మైకుసెట్టు అద్దెకిస్తూ, వాక్యం జరుగుతున్నంతసేపూ బయట జనరేటరు పక్కన కూర్చుని గ్రూప్-2 పుస్తకం చదువుకునే కుర్రాణ్ణి నేను ఎక్కడా చదవలేదు. కాని పదకొండో అధ్యాయంలో కాలువలో బాప్తిస్మం, పన్నెండులో చర్చిలో పెళ్లి ప్రకటన! నువ్వు ఎవరి మీద కోప్పడ్డావో ఆమె చేసిన పనే చేశావు. పైగా మన ఊళ్లలో ఇది ఇంకా చెల్లదు. "పెళ్లి కోసం ముంచుకున్నాడు" అనే మాట ఏ సంఘంలో వినలేదు నువ్వు?

అమెరికా హీరోకు చర్చికి వెళ్తే పోయేదేమీ లేదు. నీవాడికి ఉంది. అతను ఎస్సీ కోటాలో పరీక్ష రాస్తున్నాడని నువ్వే నాలుగో అధ్యాయంలో రాసి మరిచిపోయావు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట దాదాపుగా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రలో అయితే మతం మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు, అక్కడున్న రిజర్వేషను ఒక్క శాతం. అంటే ఆ కాలువలోకి దిగేటప్పుడు అతను ఒడ్డున వదిలిపెట్టేది చిన్న విషయం కాదు. కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతంగా బతుకుతున్న కుటుంబాలు అతని వీధిలోనే ఉంటాయి. "కాగితం జోలికి పోకురా, దేవుడికి నీ మనసు తెలుసు" అని వాళ్ల నాన్న అంటాడు. అది పిరికితనమా, లోకజ్ఞానమా? పాస్టరుగారు ఏమంటారు? ఆ అమ్మాయి ఏమంటుంది, ఆమె పుట్టుకతోనే బీసీ-సీ అయినప్పుడు? ఈ సంభాషణలు నీకు తప్ప నీ అభిమాన రచయిత్రికి రాయడం సాధ్యం కాదు. వీటిని దాటేసి నువ్వు కాలువ నీళ్ల మీద వెన్నెల వర్ణించావు.

అయితే నష్టం చూపించినంత మాత్రాన అనుమానం తీరదు. పిల్ల కోసం ఉద్యోగం వదులుకునే మగవాళ్లూ ఉంటారు. కాబట్టి క్రమం మార్చు. ఏడో అధ్యాయంలో ఆమె కాదన్నది కదా, ఆ కాదన్నది నిజం కానివ్వు. ఆమెకు వేరే సంబంధం ఖాయం చెయ్యి, లేదా వెల్లూరు నర్సింగుకు పంపెయ్యి, ఏది కుదిరితే అది. ఆమె అందకుండా పోయిందని అతనికి రూఢిగా తెలిశాక, అప్పుడు వచ్చి బాప్తిస్మం అడగాలి. పాస్టరుగారు వెంటనే ఒప్పుకోకూడదు. ఆరు నెలలు ఆగమనాలి. సంఘ పెద్ద భార్య చేత ఆ ముంచుకున్నాడనే మాట అందరి ముందూ అనిపించు. పాఠకుల మనసులో ఉన్నది పుస్తకంలోనే ఎవరో ఒకరు అనేస్తే, దానికి జవాబు చెప్పక నీకు తప్పదు. జవాబు అతని నోటి నుంచి రానక్కరలేదు. ఆ ఆరు నెలలు అతను ఏం చేశాడో చూపించు.

వర్ణనలూ అచ్చుతప్పులూ తర్వాత చూద్దాం. ముందు పదకొండో అధ్యాయం తిరగరాసి అదొక్కటే పంపు. వాళ్ల నాన్నకు రెండు పేజీలకు తక్కువ ఇవ్వకు. మీ అమ్మగారికి నా వందనాలు చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య