నల్లమలలో పోరంబోకు: విలువా, వెలా?

సందేహం: నల్లమల లోపల ఉన్న సర్కారు భూములకి పటం గీసి విలువ కట్టడం మీద తెలుగులో ఒక రిపోర్టు రాస్తున్నా సార్. పోరంబోకు అంటే పనికిరాని భూమి అనుకుంటారేమో? విలువ కట్టడం, వెల కట్టడం ఒకటేనా?

సమాధానం: పోరంబోకు అని ధైర్యంగా రాయండి. తమిళం నుంచి వచ్చిన మాట, అక్కడ పుఱం అంటే బయట, అంటే శిస్తు లెక్కకి బయట పెట్టిన నేల. చెరువు, బాట, శ్మశానం లాంటివన్నీ ఇందులోకే వస్తాయి, ఊరందరికీ పనికొస్తుంది కాబట్టే ఒకరికి పట్టా చెయ్యలేదు, పనికిరాక కాదండీ. కాకపోతే కర్నూలు వైపు మద్రాసు పద్ధతి కాబట్టి అడంగల్‌లో, అంటే ఊరి భూముల లెక్కల పుస్తకంలో, ఈ మాట ఉంటుంది, కృష్ణ దాటి అమ్రాబాద్ వైపు వెళ్తే అంతా నిజాం నాటి లెక్క, అడంగల్ లాంటివే అయిన పాత పహాణీల్లో ఖారిజు ఖాతా అనో, పశువుల మేతదైతే బంచరాయి అనో కనబడుతుంది, పటాన్ని నక్ష అంటారు. ఇప్పుడు అక్కడ కూడా పోరంబోకు అంటున్నారు గానీ మీరు మాత్రం ఏ గట్టు భూమికి ఆ గట్టు మాటే వాడండి, రికార్డుతో పోల్చి చూసుకునేవాళ్లకి దొరకాలి కదా. రిజర్వు ఫారెస్టుగా నోటిఫై అయిన నేలని మాత్రం పోరంబోకులో కలపొద్దు, అది అటవీ శాఖది, చట్టమే వేరు.

ఇక రెండోది. వెల అంటే కొనేవాడు ఇచ్చే ధర. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మార్కెట్ విలువ అంటారు చూడండి, నిజానికి అది వెలే. అడవి నేలని ప్రాజెక్టుకి మళ్లిస్తే కట్టించుకునే ఎన్‌పీవీ, అంటే నికర ప్రస్తుత విలువ, దాని సంగతి వేరు, సుప్రీంకోర్టు 2008లో హెక్టారుకి 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా పెట్టింది, అభయారణ్యంలో అయితే 5 రెట్లు, నేషనల్ పార్కులో 10 రెట్లు, 2022లో రేట్లు ఇంకా పెంచారు. ఇక్కడ అమ్మేవాడూ లేడు, కొనేవాడూ లేడు, అడవి పోతే దాంతోపాటు ఏమేం పోతాయో వాటికి వేసిన లెక్క ఇది. అందుకని విలువ కట్టడం అనే రాయండి, వెల కట్టడం అంటే అడవిని అమ్మకానికి పెట్టినట్టు ఉంటుంది.

మీరు అడగకపోయినా ఇంకోటి చెప్తాను. పటంలో చెంచు గూడేల పేర్లు వాళ్లు పలికినట్టే ఉంచండి. అప్పాపూర్ పెంట లాంటి పేర్లలో పెంట వినడానికి బాలేదని ఎవరైనా కొట్టేయబోతే అస్సలు ఒప్పుకోకండి, అక్కడ పెంట అంటే ఊరు.