ఆన్‌లైన్ పుస్తక బృందాల్లో చేరితే నిజంగా చదవడం పెరుగుతుందా, లేక కబుర్లతోనే సరిపోతుందా?

నాకైతే చదవడం పెరిగింది. అంతకంటే ముఖ్యంగా, చదివింది మునుపటికన్నా బాగా అర్థమవుతోంది.

మాది గోదావరి కాలువల కింద ఊరు. నీళ్లకు కరువెరగని చోట పెరిగినదాన్ని. ఒకసారి మా వాట్సాప్ బృందంలో రాయలసీమ వేరుశనగ రైతు కథ ఒకటి అందరం చదివాం. అందులో రైతు పచ్చగా ఉన్న చేను గట్టున నిలబడి ఏడుస్తాడు. చేను పచ్చగానే ఉంది కదా, ఏడుపెందుకని అడిగాను. అనంతపురం వైపు నుంచి ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టారు. పూత వచ్చాక పువ్వు నుంచి కిందికి సాగే ఊడలు భూమిలోకి దిగితేనే కాయ కడుతుందట. ఆ రోజుల్లో వాన మొహం చాటేసి నేల గట్టిపడితే ఊడ దిగదు. పైన ఆకు పచ్చగా కనిపిస్తున్నా కింద కాయ ఉండదు. వాళ్ల నాన్నగారు అలా గట్టున నిలబడిపోవడం చిన్నప్పుడు చూశానని కూడా చెప్పారు. ఆ రాత్రే కథ మళ్లీ మొదటినుంచి చదివాను. రచయిత ఎక్కడా వివరించకుండా వదిలేసినదంతా అప్పుడు కనిపించింది. ఒంటరిగా చదువుకుని ఉంటే ఆ పేజీ దాటి వెళ్లిపోయేదాన్నే.

ఇలాంటి మాటలకు చోటు తెలుగులో కొత్తగా వచ్చిందేమీ కాదు. ఈమాట అనే వెబ్ పత్రిక 1998 నుంచి, పుస్తకాల గురించి పాఠకులు రాసే పుస్తకం.నెట్ సైట్ 2009 నుంచి నడుస్తున్నాయి. పుస్తకం.నెట్‌లో పాత పుస్తక పరిచయాలు ఇప్పటికీ వెతుక్కుని చదువుతుంటాను. అక్కడ రాసేవాళ్లలో ఎక్కువమంది మామూలు పాఠకులే. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ, చదివిన పుస్తకం గురించి తీరిగ్గా నాలుగు పేరాలు రాస్తారు. ఆ శ్రద్ధ అంటే నాకు చాలా గౌరవం.

పాత కథ కావాలంటే మా బృందంలో మొదట వినిపించే పేరు కథానిలయం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల లైబ్రరీ అది. వాళ్ల వెబ్‌సైట్‌లో పత్రికల్లో వచ్చిన కథలు ఎన్నో స్కాన్ చేసి ఉంచారు. ఆనాటి వారపత్రికలో బొమ్మతో సహా అచ్చయిన పేజీని ఎవరైనా బృందంలో పెడితే ఆ సాయంత్రం ఇక వేరే చర్చ ఉండదు.

గుడ్‌రీడ్స్ అనే పుస్తకాల సైట్ కూడా వాడతాను. ఏ పుస్తకం ఎప్పుడు చదివానో గుర్తుంచుకోవడానికి బాగుంటుంది. ఏడాదికి ఇన్ని చదవాలన్న ఛాలెంజ్ మాత్రం నాకు నచ్చదు. డిసెంబర్ వచ్చేసరికి టెన్షన్ పడి సన్న పుస్తకాలు ఏరుకునేవాళ్లను చూశాను. లావు నవల పక్కన పెట్టేయడానికి అదొక కారణం కాకూడదు.

చేరాలనుకుంటే ఒకటి చూసుకోండి. అమ్మకంలో ఉన్న పుస్తకాల పీడీఎఫ్‌లు పంచుకునే బృందం నుంచి నేను వెంటనే బయటికి వచ్చేస్తాను. తెలుగులో చాలా పుస్తకాలు ఐదొందలో వెయ్యో కాపీలు అచ్చవుతాయి. చాలాసార్లు రచయితే చేతి డబ్బు పెట్టుకుంటారు. అలాంటిది వందమందికి ఉచితంగా పంచేస్తే రెండో పుస్తకం ఎలా వస్తుంది? కాపీరైట్ తీరిన పాతవి ఆర్కైవ్.ఆర్గ్‌లో బోలెడు దొరుకుతాయి, అవి హాయిగా పంచుకోవచ్చు.

ఫోన్‌లో మొదలైన పరిచయాలు అక్కడితో ఆగవు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి మావాళ్లు వేర్వేరు ఊళ్ల నుంచి వస్తారు. ఒకరి సంచిలోవి ఇంకొకరు తీసి చూడటం, ఒకటే కాపీ మిగిలిందంటే ముందు మీరు చదివి నాకు పంపండని ఒప్పందాలు చేసుకోవడం... ఆ సందడి నాకు పండగే.

మొదలుపెట్టాలంటే పెద్ద బృందమే అక్కర్లేదు. వేర్వేరు ప్రాంతాల వాళ్లు ఐదారుగురు చాలు. వారానికి ఒక్క కథ అనుకోండి, నవల వద్దు. ఆదివారం దాకా ఎవరూ ముగింపు గురించి మాట్లాడకూడదన్న నియమం పెట్టుకోండి. ఆ రోజు కథ నచ్చనివాళ్లను ముందు మాట్లాడనివ్వండి. మా దగ్గర మంచి చర్చలన్నీ వాళ్లతోనే మొదలయ్యాయి.