అదే కొండకు మళ్ళీ వెళ్ళు

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆదివారం పొద్దున టీ తాగుతూ, రెండోసారి రాత్రి పెన్సిల్ పట్టుకుని. పెన్ ఎ వాన్ కొండ ఎక్కిన సంతోషం నీ వాక్యాల్లో ఉంది. ఈ వేల్స్ దేశానికి, కార్డిఫ్‌కి వచ్చి ఆరు నెలలు కూడా కాకుండానే, శని ఆదివారాలు గదిలో ఫోన్ చూస్తూ పడుకోకుండా కొండ దారి పట్టావు, పైగా దాన్ని తెలుగులో రాయాలనుకున్నావు. అందుకే మర్యాదకి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకోవాలనిపించలేదు. ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న కొండలివి, నాకు తెలిసింది చెప్తాను. మేడమ్ అనకు, అక్కా అంటే చాలు.

ముందు కొట్టేయాల్సినవి. "ప్రకృతి ఒడి" మూడుసార్లు వచ్చింది, "కనువిందు" రెండుసార్లు, "మాటల్లో చెప్పలేని అనుభూతి" ఒకసారి. ఆ చివరిది ముందు కొట్టేయ్, మాటల్లో చెప్పడమే కదా మనం పెట్టుకున్న పని. ప్రకృతి ఒడి అంటే నాకు ఏ కొండా కనపడదు, అది అరకు కావచ్చు, ఊటీ కావచ్చు. కానీ నాలుగో పేరాలో "బూట్లకి అంటిన ఎర్రమట్టి బస్సు మెట్ల మీద కూడా రాలింది" అని రాశావు చూడు, అక్కడ నా పెన్సిల్ ఆగిపోయింది. ఆ మట్టి ఆ కొండదే. దాదాపు 40 కోట్ల ఏళ్ళ క్రితం నదులు మోసుకొచ్చి పరిచిన ఇసుకా ఒండ్రూ గట్టిపడి ఎర్ర ఇసుకరాయి అయింది, దాని మీదే నువ్వు నడిచావు. శిఖరం మీద పలకరాళ్ళను వంగి చూస్తే నీటి అలల గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. 886 మీటర్ల ఎత్తున నిలబడి, కాళ్ళ కింద ఒకప్పటి ఏటి ఒడ్డు చూడొచ్చన్నమాట. నువ్వు తలెత్తి చుట్టూ చూసి ఫొటోలు తీసుకున్నావు, అందరం మొదటిసారి అదే చేస్తాం, రెండోసారి కిందకి చూడు.

రెండోసారి అన్నాను కదా, అసలు చెప్పాలనుకున్నది అదే. పన్నెండు వారాంతాల్లో పన్నెండు కొండలు ఎక్కి పన్నెండు వ్యాసాలు రాస్తానన్నావు. ఆ ప్లాన్ మానుకో. పెన్ ఎ వాన్‌కే ఇంకో నాలుగుసార్లు వెళ్ళు, వేరే వేరే నెలల్లో. ఏప్రిల్‌లో భరత పక్షులు నేల మీంచి నిట్టనిలువుగా లేచి పాడుతుంటాయి, కొండ పాదాల దగ్గర పొలాల్లో గొర్రెపిల్లలు తల్లుల పొట్టల కింద దూరుతుంటాయి. ఆగస్టులో బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్కలు కింది వాలుల్లో ఛాతీ దాకా పెరిగి దారి మూసేస్తాయి, అవే అక్టోబరుకి తుప్పు రంగుకి తిరిగి, జనవరికి వానకి తడిసి నేలకి అతుక్కుపోతాయి. జూన్ చివర్లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు, డిసెంబరులో సాయంత్రం నాలుగుకే చీకటి. ఒక్క కొండలో ఇన్ని కొండలుంటే పన్నెండు కొండల వెంట ఎందుకు పరిగెత్తడం? ఒక్కోసారి ఎక్కి దిగొచ్చిన కొండల మీద రాసినవన్నీ ఒకేలా ఉంటాయి: పార్కింగ్, ఎక్కడం, ఆయాసం, పైన గాలి, ఫొటో, దిగడం.

ఇక్కడి గొర్రెల సంగతి నీకు తెలుసో లేదో. కొండ మీద కంచెలుండవు, అయినా ఒక మంద గొర్రెలు తమ మేర దాటి దూరం పోవు. పిల్ల తల్లి వెనకాల తిరుగుతూ ఎక్కడ గడ్డి బాగుంటుందో, ఈదురుగాలి వచ్చినప్పుడు ఏ మరుగున నిలబడాలో నేర్చుకుంటుంది, పెద్దదయ్యాక తన పిల్లకి నేర్పుతుంది. ఆ మేరని ఇక్కడి భాష వెల్ష్‌లో "కనెవిన్" అంటారు. మనిషి ఇది నా చోటు అనుకునే తావుకీ అదే మాట. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి ఇక్కడి మందల్ని చంపాల్సి వచ్చినప్పుడు రైతులు అంత కుమిలిపోవడానికి ఇదొక కారణం. కొత్త గొర్రెల్ని సంతలో కొనుక్కోవచ్చు, కానీ వాటికి ఆ కొండ తెలియదు, మళ్ళీ మొదటి నుంచి అలవాటు చేయాలి. నీకొక కనెవిన్ ఏర్పడాలి, అది మొదటిసారికే రాదు.

పేర్లు నేర్చుకో. వ్యాసమంతా "బ్రెకన్ బీకన్స్" అని రాశావు. 2023 ఏప్రిల్‌లో ఆ నేషనల్ పార్కు తన వెల్ష్ పేరునే వాడుకోవాలని నిర్ణయించుకుంది, బన్నై బ్రఖైనియోగ్. పలకడానికి కష్టమని వదిలేయకు, మనకి ఇంగ్లిష్ వాళ్ళ కంటే సులువే. బాన్ అంటే శిఖరం, బన్నై దాని బహువచనం. మరి పెన్ ఎ "వాన్" ఎలా అయింది? ముందు మాట వల్ల బ కాస్తా వ అయింది. కార్డిఫ్ వెల్ష్ పేరు కైర్‌డీద్, కానీ ఊరు మొదట్లో స్వాగతం బోర్డు మీద "క్రోసో ఇ గైర్‌డీద్" అని ఉంటుంది, క వెళ్ళి గ వచ్చింది. పొంటిప్రీద్ అనే ఊరి దగ్గర అదే వాక్యంలో ప వెళ్ళి బ వస్తుంది. తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు సరళాదేశ సంధి చెప్పింది గుర్తుందా, పూచెన్ + కలువలు, పూచెను గలువలు? పరుషాలు సరళాలవుతాయి. ఇక్కడివాళ్ళు రోజూ బస్ స్టాపులో అదే చేస్తున్నారు. మొదటిసారి ఈ సంగతి తట్టినప్పుడు నేను బస్సు దిగాల్సిన చోటు దాటిపోయాను, అంత సంతోషం వేసింది. ఇది తెలుగు రచయితకే దొరికే వాక్యం, ఇంగ్లిష్‌లో రాసేవాడికి దొరకదు. ఇలాంటివి ఇంకా ఉంటాయి, వెతుకు.

పేరు అర్థం తెలిస్తే కొండ కూడా మారుతుంది. పెన్ ఎ వాన్ పక్క శిఖరం కార్న్ డీ, అంటే నల్ల కొమ్ము. నువ్వు "శిఖరాల మధ్య ఖాళీ" అని రాసినచోట పక్కనే బూల్ఖ్ డీవింట్ ఉంది, నల్ల గాలి కనుమ. ఖాళీ ఏంటి తమ్ముడూ, కనుమ అనే చక్కటి మాట మనకుండగా! కూమ్ అంటే లోయ, నాంట్ అంటే వాగు, ల్లిన్ అంటే చెరువు. ఆ "ల్ల్" శబ్దానికి మన లిపిలో అక్షరం లేదు, నాలుక ల దగ్గర పెట్టి పక్కల నుంచి గాలి వదలాలి, నేనైతే ల్ల అని రాసి సరిపెట్టుకుంటాను. వానకీ అంతే. ప్రతిసారీ "వర్షం కురిసింది" అంటే ఎలా? తుప్పర, జల్లు, ముసురు, వడగళ్ళు, అన్నీ ఒక్క మధ్యాహ్నంలో పడతాయి ఇక్కడ, ఏది పడిందో రాయి.

ఇప్పుడు నాకు జరిగింది ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ క్రితం ఒక అక్టోబరులో కార్న్ డీ మీంచి కింద రోడ్డు పక్కనున్న స్టోరీ ఆర్మ్స్ వైపు దిగుతుంటే మబ్బు కమ్మేసింది. పది అడుగుల అవతల ఏమీ కనపడదు. మ్యాప్ సంచిలో ఉంది, తీయడానికి బద్ధకించి, కాళ్ళకి తెలిసిన దారే కదా అనుకుని గట్టు అంచునే నడిచాను. దారి తప్పానని తెలిసేసరికి గుండె దడదడలాడింది. అంతలో మబ్బులోంచి ఒక రాతి స్తంభం బయటపడింది. టామీ జోన్స్ అనే అయిదేళ్ళ పిల్లాడి పేరు మీద నిలబెట్టిన రాయి అది. 1900 ఆగస్టు 4 రాత్రి, గని కార్మికుడైన తండ్రితో కలిసి తాతగారి పొలానికి వస్తున్నాడు. దారిలో తాతా, పదమూడేళ్ళ బంధువుల అబ్బాయీ ఎదురొచ్చారు, పిల్లలిద్దరూ ఇంటికి ముందు పరిగెత్తారు, సగం దూరంలో చీకటికి భయపడి టామీ నాన్న దగ్గరికి వెళ్తానని ఏడుస్తూ వెనక్కి తిరిగాడు. నాన్నని చేరలేదు. పొలం కింద లోయలో ఉంది, వాడు దొరికింది ఇంత పైన. చీకట్లో ఆ చిన్న కాళ్ళు ఇంత ఎత్తు ఎందుకు ఎక్కాయో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ రాయి మీద ఏం రాసి ఉందంటే, ఎవరు, ఎన్నేళ్ళు, ఏ రెండు చోట్ల మధ్య దారి తప్పాడు, ఏ రాత్రి, 29 రోజుల వెతుకులాట తర్వాత ఏ రోజు దొరికాడు. భావం చెప్పే మాట మొత్తంలో ఒక్కటే, వెతుకులాట ముందు, ఆత్రం అని. నేను చలికి వణుకుతూ చదివాను. ఆ ఒక్క మాట నన్ను కదిలించినంతగా పేజీల కొద్దీ విషాదం కదిలించలేదు. తర్వాత నుంచి నా వాక్యాల్లో విశేషణం పెట్టేముందు ఆ రాయి గుర్తొస్తుంది. (మ్యాప్ కూడా మెడలోనే ఉంటుంది. 1:25,000 స్కేలు ఎక్స్‌ప్లోరర్ మ్యాప్, ఈ కొండకి ఓఎల్12, అదీ దిక్సూచీ కొనుక్కో, ఫోన్ బ్యాటరీ చలికి తొందరగా పడిపోతుంది. ఈల ఉంచుకో, ఆపదలో నిమిషానికి ఆరుసార్లు ఊదాలి. 999కి ఫోన్ చేస్తే పోలీసుల్ని అడిగి మౌంటెన్ రెస్క్యూ కావాలను, వచ్చేవాళ్ళు జీతం లేని వాలంటీర్లు, అర్ధరాత్రి వానలో వస్తారు.)

ఒక లెక్క కూడా నేర్చుకో. నేస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పింది: అయిదు కిలోమీటర్లకి గంట, 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. కొండ కింద పాంట్ ఆర్ డావ్ కార్ పార్కు నుంచి పైకి ఈ లెక్కన గంటన్నర. నీకు రెండున్నర గంటలు పట్టిందన్నావు. ఆ గంట ఎక్కడ పోయిందో అదే నీ వ్యాసం. ఎక్కడ ఆగావు, ఎవరితో మాట్లాడావు, ఏ మలుపులో వెనక్కి పోదామనిపించింది?

సైకిల్ గురించి అడిగావు. టాఫ్ ట్రెయిల్‌తో మొదలుపెట్టు, కార్డిఫ్ నుంచి బ్రెకన్ దాకా 88 కిలోమీటర్లు, ఎక్కువ భాగం నది పక్కన, పాత రైలు దారుల మీద. ఒక్కరోజులో అయిపోవాలని లేదు. నడక దారులకి పసుపు బాణం గుర్తు, వాటి మీద సైకిల్ తొక్కకూడదు, నీలం బాణం ఉంటే గుర్రాలతో పాటు మనకీ దారే. మెర్థిర్ దగ్గర కెవన్ కోయిడ్ వయాడక్ట్ మీంచి, పదిహేను కమానుల ఆ వంపు వంతెన మీంచి, 1866 నాటి రాళ్ళ మీంచి వెళ్తావు. టాల్‌ఎబాంట్ రిజర్వాయర్ దగ్గర్నుంచి టార్‌పాంటై దాకా ఎక్కే దారి కూడా పాత రైలు కట్టే, వాలు 38కి 1, అంటే 38 మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు. బొగ్గు ఇంజన్లు ఆ ఎక్కుడులో గసపెట్టేవి, రైలుకి అది మహా నిటారు, సైకిల్‌కి మాత్రం మెల్లగా ఊపిరి అందుతూ పోయే ఎక్కుడు. 1962 చివర్లో అక్కడ ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. అక్కడ తొక్కుతున్నప్పుడు నీ తొడల నొప్పి ఎంతో, ఇంజన్ ఎంత బరువు లాగిందో పక్కపక్కన పెట్టుకుని ఆలోచించు, రాయడానికి దొరుకుతుంది. దిగేటప్పుడు రోడ్డు మీద తెల్లటి అక్షరాల్లో "అరావ్" అని ఉంటుంది, నెమ్మది అని. చాలామంది సైకిలిస్టులు నేర్చుకునే మొదటి వెల్ష్ మాట అదే.

ఆ దారి అబర్‌వాన్ పక్కగా పోతుంది. 1966 అక్టోబరు 21న బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారి ఊరి బడి మీద పడింది, 144 మంది పోయారు, వాళ్ళలో 116 మంది పిల్లలు. కొండవాలు శ్మశానంలో తెల్లటి కమానులు వరుసగా ఉంటాయి. నీ సైకిల్ వ్యాసంలో దీన్ని దారి మధ్యలో ఒక పేరాగా వాడుకోకు. రాయాలనిపిస్తే దిగు, సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళు, ఊళ్ళో కాసేపు ఉండు, ఏమీ రాయకుండా తిరిగిరా. రెండేళ్ళ తర్వాత కూడా నీలో ఉంటే అప్పుడు రాయి. నేను ఇంతవరకు రాయలేదు.

నోట్స్ కోసం చిన్న పుస్తకం, పెన్సిల్, జిప్ ఉన్న కవరు. పెన్ను సిరా తడికి కరిగిపోతుంది. కొండ మీద వాక్యాలు రాయొద్దు, మాటలు మాత్రం రాసుకో: "గాలి ఎడమ చెవిలో", "గొర్రె వీపు మీద నీలం రంగు గుర్తు", ఇలా. వాక్యాలు ఇంటికొచ్చి, వేడినీళ్ళ స్నానం చేసి, అన్నం తిని, అదే రాత్రి. తెల్లారితే కాళ్ళ నొప్పులు మాత్రమే గుర్తుంటాయి.

ఇంకొక్కటి అడగాలి. కనుమ దగ్గర ఒక పెద్దాయన కుక్కతో కూర్చుని ఉన్నాడనీ, ఫ్లాస్క్‌లోంచి టీ పోసి నీకిచ్చాడనీ ఒక్క వాక్యం రాసి ముందుకెళ్ళిపోయావు. ఆయన ఏమన్నాడు? నువ్వేం చెప్పావు? కుక్క తడిసి ఉందా? ఆ టీ తాగుతున్నప్పుడు నీ చేతులు ఎలా ఉన్నాయి? వ్యాసంలో శిఖరం సగానికి తగ్గించి ఆ పెద్దాయన్ని రాసి పంపు.

వచ్చే శనివారం నేను పొద్దున్నే టీ4 బస్సులో వెళ్తున్నాను, అదే కొండకి. వస్తానంటే బస్ స్టాపు దగ్గర ఉండు, వాన జాకెట్ తెచ్చుకో, పులిహోర నేను రెండు డబ్బాల్లో తెస్తాను.

ప్రేమతో,
అక్క