అమెరికాలో యాంటెన్నాతో హెచ్‌డీ టీవీ: డబ్బు కంటే చోటు ముఖ్యం

ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ లాంటి పెద్ద టీవీ నెట్‌వర్కులు ఇక్కడ గాలిలో ఉచితంగానే వస్తాయి. హెచ్‌డీలోనే వస్తాయి, నెలనెలా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. తెలుగు చానళ్ళ కోసమైతే మాత్రం యాంటెన్నా కొనకండి, వాటికి ఇంటర్నెట్టే దారి.

ముందు టీవీ సంగతి చూసుకోండి. ఇక్కడి ప్రసార పద్ధతి ఏటీఎస్‌సీ. ఇండియా నుంచి తెచ్చుకున్న టీవీ దాన్ని పట్టుకోలేదు. ఇక్కడ కొన్నవాటిలో ఆ సిగ్నల్‌ని పట్టే భాగం (ట్యూనర్) మామూలుగా ఉంటుంది. మానిటర్లలోనూ, "డిస్‌ప్లే" పేరుతో అమ్మే కొన్ని తెరల్లోనూ ఉండదు. వెనకవైపు మరలున్న గుండ్రటి సాకెట్ లేకపోతే విడిగా ట్యూనర్ బాక్స్ కొని హెచ్‌డీఎంఐకి తగిలించుకోవాలి.

"హెచ్‌డీ యాంటెన్నా" అన్నది అట్టపెట్టె మీద మాటే, పాత యాంటెన్నా అయినా పనిచేస్తుంది. "200 మైళ్ళు" అని రాసుంటే అసలే నమ్మకండి. భూమి వంపు వల్ల 60, 70 మైళ్ళు దాటితే టవర్ అందడం కష్టం. ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ సైట్‌లోని డీటీవీ మ్యాపులో మీ అడ్రసు కొడితే ఏ స్టేషను ఏ దిక్కున ఉందో, సిగ్నల్ ఎంత బలంగా ఉందో, టీవీలో కనిపించే నంబరు కాక, నిజంగా ఏ చానల్ నంబరు మీద ప్రసారమవుతోందో చూపిస్తుంది. డల్లాస్ స్టేషన్ల టవర్లు దాదాపు అన్నీ సెడార్ హిల్‌లోనే ఉన్నాయి. డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉన్నవాళ్ళకి అవి దక్షిణాన సుమారు 40 మైళ్ళు. ఉత్తరం వైపు కిటికీకి అతికిస్తే లాభం ఉండదు.

చాలామంది బోల్తాపడేది ఇంకోచోట. కిటికీకి అతికించే పల్చటి యాంటెన్నాలు యూహెచ్ఎఫ్ (చానల్ నంబర్లు 14 నుంచి 36) బాగా పట్టుకుంటాయి, వీహెచ్ఎఫ్ (2 నుంచి 13) దగ్గర తడబడతాయి. డల్లాస్ ఏబీసీ ఇప్పటికీ 8 మీద, ఫిలడెల్ఫియా ఏబీసీ 6 మీదే ప్రసారమవుతున్నాయి. "అన్నీ వస్తున్నాయి, ఏబీసీ ఒక్కటే రావట్లేదు" అనే గోలకి మూలం తరచుగా ఇదే. దీనికి రెండు కడ్డీల పాత తరహా యాంటెన్నాయే మేలు. కడ్డీలను అడ్డంగా చాపి ఒక్కోదాన్ని చానల్ 8కి 16 అంగుళాలు, 6కైతే 35 అంగుళాలు దాకా లాగండి.

ఇంట్లో పెట్టేవాళ్ళు టవర్ల వైపు కిటికీ దగ్గర, వీలైనంత ఎత్తులో పెట్టండి. ఎండ వేడి ఆపే లోహపు పూత అద్దాలు, రేకు అంటించిన ఇన్సులేషన్, స్టక్కో (సిమెంటు పూత) గోడలోని ఇనుప వల సిగ్నల్‌ని మింగేస్తాయి. అలాంటిచోట ఒక అడుగు జరిపినా తేడా తెలుస్తుంది.

కనెక్షన్ తేలికే. యాంటెన్నా నుంచి టీవీకి వచ్చే ఆర్‌జీ-6 కేబుల్ చివర రాగితీగ వంగిందేమో చూసి, సాకెట్లో నిటారుగా పెట్టి చేత్తో బిగించండి. మెనూలో "కేబుల్" కాదు, "యాంటెన్నా" లేదా "ఎయిర్" ఎంచుకుని చానల్ స్కాన్ నడపండి. యాంటెన్నా తిప్పిన ప్రతిసారీ స్కాన్ చేయకండి, చాలా టీవీలు పాత జాబితా చెరిపేస్తాయి. సిగ్నల్ మీటర్ తెరిచి దాన్ని చూస్తూ తిప్పండి. డిజిటల్ బొమ్మ పాతకాలంలా మసకబారదు. ఉన్నంతసేపూ శుభ్రంగా ఉండి, సిగ్నల్ కాస్త తగ్గగానే గళ్ళుగళ్ళుగా విరిగి ఆగిపోతుంది. అంచున పట్టుకున్న చానల్ వానరోజు పోతుందనే లెక్క.

సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్ గురించి ఒక మాట. టవర్ దగ్గరున్నవాళ్ళకి అది ట్యూనర్‌ని ముంచెత్తి ఉన్న చానళ్ళు కూడా పోగొడుతుంది. పొడవాటి కేబుల్‌కి, ఒకే యాంటెన్నా రెండు టీవీలకు పంచడానికి పనికొస్తుంది. కరెంటు ఇవ్వడం మర్చిపోతే సిగ్నల్‌నే ఆపేస్తుంది.

మీకు మాత్రమే చెందిన బాల్కనీలో యాంటెన్నా పెట్టుకుంటే అపార్టుమెంటువాళ్ళు గానీ, ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్ఓఏ) గానీ మామూలుగా కాదనడానికి లేదు, ఎఫ్‌సీసీ నిబంధనే ఉంది. అందరిదీ అయిన పైకప్పుకి, బయటి గోడకి అది వర్తించదు.