మే నెలలో చిన్నపిల్లలు, పెద్దావిడతో బీచ్: సముద్రమా, రిజర్వాయర్ ఒడ్డా?

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. హైదరాబాద్ నుంచి మే నెలలో బయల్దేరాలి, నాలుగేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులూ షుగరూ ఉన్న మీ అమ్మగారు వస్తారు. సముద్రం అంటే భయంగా ఉంది కాబట్టి ఏదైనా రిజర్వాయర్ దగ్గరో, నది ఒడ్డునో పిల్లల్ని నీళ్లలో ఆడిస్తే క్షేమం కదా అని అడిగారు.

నా మాట ముందే చెప్పేస్తాను. పిల్లలు నీళ్లలో దిగాలనుకుంటే సముద్రానికే వెళ్లండి. అదీ తెల్లవారుజామున, బాపట్ల–చీరాల వైపు. నది దగ్గరికి, రిజర్వాయర్ దగ్గరికి వెళ్తే పడవ ఎక్కండి, ఒడ్డున చెట్టు కింద కూర్చోండి, నీళ్లలో మాత్రం దిగకండి. మాది చీరాల దగ్గర పల్లెటూరు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం కానీ వేసవి సెలవులంటే మాకు సముద్రమే. పిల్లలు చంకలో ఉన్నప్పటి నుంచి, మా అత్తగారు కర్ర పట్టుకుని నడుస్తున్న ఇప్పటి వరకు, అందరినీ వెంటబెట్టుకుని వెళ్తూనే ఉన్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

నిలకడగా ఉన్న నీళ్లు చూస్తే మనకు ధైర్యం వస్తుంది. నాకు భయం వేసేది అక్కడే. సముద్రంలో ప్రమాదం చాలావరకు కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. కెరటం పెద్దదైతే పిల్లలే వెనక్కి పరిగెత్తుతారు. రిజర్వాయర్‌లో అలాంటి హెచ్చరిక ఏదీ ఉండదు. ఆ నీళ్ల కింద ఉన్నది ఒకప్పటి పొలాలు, గుట్టలు, వాగులు. మోకాలి లోతులో నడుస్తూ ఉంటాం, పాత వాగు గట్టు రాగానే ఒక్క అడుగులో తలమునక లోతు. పైగా మే నాటికి నీటిమట్టం బాగా పడిపోతుంది, అంతవరకు నీళ్ల కింద ఉన్న ఒండ్రు ఒడ్డున తేలుతుంది. పైకి ఎండి పగుళ్లిచ్చినట్టు కనిపిస్తుంది, కింద మెత్తగా ఉంటుంది. పిల్లాడి కాలు దిగబడితే లాగడం చాలా కష్టం.

నది సంగతి ఇంకోలా ఉంటుంది. ఎండాకాలంలో భద్రాచలం దగ్గర గోదావరి చూడండి, ఇసుక తిన్నెలు అచ్చం బీచ్‌లాగే పరుచుకుని ఉంటాయి. అందుకే జనం దిగుతారు. కానీ పాయ ఒరుసుకుంటూ పోయే వైపు తిన్నె అంచు నిలువుగా కోసుకుపోయి ఉంటుంది, మనిషి నిలబడగానే కుంగుతుంది. ఇసుక తవ్విన చోట గుంతలు పైకి కనిపించవు. ఆ పక్కనే ఊరివాళ్లు స్నానం చేస్తున్నారు కదా అనుకోవద్దు. ఎక్కడ దిగాలో వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. మనకు తెలియదు.

డ్యామ్‌కు దిగువన ఉన్న నదిలో, రాళ్ల మీద ఫొటోల కోసం కూడా దిగకండి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో జరిగింది మనవాళ్లెవరూ మర్చిపోలేరు. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదలడంతో, టూర్‌కు వెళ్లిన 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. అప్పటిదాకా ఆ నది ప్రశాంతంగానే ఉంది. హైదరాబాద్‌కు దగ్గర కదా అని మంజీర వైపు ఆలోచించేవాళ్లు కూడా ఉంటారు. అక్కడి అభయారణ్యం ఉన్నదే మొసళ్ల కోసం.

ఇంకొక్క విషయం, భయపెట్టడానికి కాదు. వెచ్చగా, నిలవగా ఉన్న మంచినీటిలో నెగ్లేరియా అనే అమీబా ఉండొచ్చు. అది ముక్కులోంచి మెదడుకు చేరడం చాలా అరుదు, చేరితే మాత్రం ప్రాణాంతకం. కేరళలో 2024, 2025లో మెదడును తినే అమీబా అంటూ వార్తల్లో వచ్చినవాటిలో ఇదీ ఉంది. సముద్రపు ఉప్పునీటిలో ఇది బతకదు. నీళ్లలో మునకలేస్తూ, ముక్కులోకి నీళ్లు పోనిచ్చుకునే వయసు మీ పిల్లలది కాబట్టి చెప్పాను.

ఇక సముద్రం. భయపడాల్సింది పెద్ద కెరటం గురించి కాదు, కెరటాలు లేని చోటు గురించి. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి వెళ్లడానికి ఒక దారి చేసుకుంటాయి. రెండు పక్కలా కెరటాలు తెల్లగా విరుగుతూ ఉంటాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం నున్నగా, కాస్త ముదురు రంగులోనో, ఇసుక కలిసి మురికిగానో కనిపిస్తుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. తెలియనివాళ్లు ‘ఇక్కడ అలలు లేవు, పిల్లల్ని ఇక్కడ దించుదాం’ అని సరిగ్గా అందులోకే దించుతారు. మా నాన్న మమ్మల్ని తీసుకెళ్లినప్పుడు ముందు ఒడ్డున కూర్చోబెట్టి పావుగంట సేపు నీళ్లనే చూడమనేవారు. ఇప్పుడు నేనూ మా పిల్లలతో అదే చేయిస్తాను. వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు, అదిగో అక్కడ వద్దమ్మా అని. ఒకవేళ ఎవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, కెరటాలు విరుగుతున్న చోటికి వచ్చి అప్పుడు ఒడ్డుకు రావాలి.

విశాఖ గురించి అడిగారు. అందంలో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆర్కే బీచ్‌లో ఒడ్డు నుంచి లోతు త్వరగా పెరుగుతుంది, లాగుడు ఎక్కువ. అక్కడ ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అక్కడ సాయంత్రం నడవండి, ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపించండి, పిల్లలకు అది చాలా నచ్చుతుంది. స్నానానికి వద్దు. విశాఖలోనే దిగాలనుకుంటే రుషికొండ నయం. 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిన బీచ్ అది. స్నానానికి గుర్తు పెట్టిన హద్దు, లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి. ఆ హద్దు దాటి కాలు పెట్టకూడదు. యారాడ చూడటానికి బాగుంటుంది, కానీ రాళ్లు, లాగుడు రెండూ ఉన్నాయి, నాలుగేళ్ల పిల్లాడితో నేనైతే నీళ్లలో దిగను.

మచిలీపట్నం దగ్గర మంగినపూడి నీళ్లు లోతు తక్కువే, కానీ నల్లటి బురద నేల. పిల్లలు ఇసుక గూళ్లు కట్టుకోవాలంటే కుదరదు. కాకినాడ వైపు హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటం వల్ల అఖాతం కాస్త నెమ్మదిగా ఉంటుంది. అక్కడికి వెళ్తే నేనైతే నీళ్ల కోసం కాదు, కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడవడానికే వెళ్తాను.

మీకు నేను చెప్పేది సూర్యలంక, లేకపోతే వాడరేవు. సూర్యలంక బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు, వాడరేవు చీరాల నుంచి ఆరేడు కిలోమీటర్లు. సికింద్రాబాద్ నుంచి నెల్లూరు, తిరుపతి వైపు వెళ్లే రాత్రి రైళ్లలో కొన్ని ఈ ఊళ్లలో ఆగుతాయి. అమ్మగారికి ఆరు గంటలు కారులో కాళ్లు ముడుచుకుని కూర్చోవడం కంటే బెర్తు మీద పడుకుని రావడం సుఖం. ఈ తీరంలో ఇసుక మెల్లగా వాలుతుంది, విశాఖలోలా ఒక్కసారిగా లోతు రాదు. అలాగని ప్రమాదం లేదనడం లేదు. ఇక్కడా ప్రాణాలు పోయాయి, చాలావరకు లోపలికి వెళ్లిన కుర్రాళ్లవి. అందుకే మీ లెక్క మీ నడుము లోతు కాకూడదు, బాబు మోకాలి లోతు కావాలి. అంతకు మించి వాడిని తీసుకెళ్లకండి. వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి. తడిసిన వేళ్లు జారిపోతాయి.

గాలి నింపే ట్యూబులు కొనిపెట్టమని పిల్లలు ఏడుస్తారు. కొనకండి. వేసవిలో మన తీరాన ఉదయం పూట గాలి తరచుగా నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. పిల్లాడు కూర్చున్న ట్యూబును అదే లోపలికి తోసుకుపోతుంది, మీరు పరిగెత్తి అందుకోలేరు. బట్టలు ఎరుపో నారింజో వేయండి, నీలం, తెలుపు నీళ్లలో కలిసిపోయి కనిపించవు. చీర, చున్నీతో మోకాలు దాటి దిగకండి, తడిస్తే కాళ్లకు చుట్టుకుంటాయి. పెద్దవాళ్లలో ఒకరు నీళ్లలో దిగకుండా, ఫోన్ పట్టుకోకుండా పిల్లల్నే చూస్తూ ఉండాలి. అరగంటకోసారి మనిషి మారండి. మునిగిపోయే పిల్లలు కేకలు వేయరు, చప్పుడు లేకుండా జారిపోతారు.

వేళల సంగతి. ముందు రోజే ఊరు చేరుకుని పడుకోండి. తెల్లవారి అయిదున్నరకు ఒడ్డున ఉండి, ఎనిమిదిన్నరకల్లా గదికి వచ్చేయండి. తొమ్మిది దాటితే మే ఎండకు ఇసుక కాలిపోతుంది. అమ్మగారికి షుగర్ అన్నారు కాబట్టి ఇది ముఖ్యం: షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే ఇసుక కాలినా, గాజుముక్క గుచ్చుకున్నా తెలియదు. చెప్పులు విప్పనివ్వకండి. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పొడి ఇసుకలో మోకాళ్ల నొప్పులవాళ్లు నాలుగడుగులు వేయలేరు. ఒక మడత కుర్చీ తీసుకెళ్లి సరుగుడు చెట్ల నీడలో వేయండి, ఆవిడ అక్కడి నుంచే మనవళ్లను చూసుకుంటారు. మా అత్తగారు ముందు ‘నేనెందుకులే’ అనేవారు. కుర్చీ వేయడం మొదలుపెట్టాక అందరికంటే ముందు ఆవిడే తయారవుతున్నారు. సాయంత్రం అయిదు తర్వాత మళ్లీ వెళ్లండి, కానీ గాలి కోసమే. పొద్దు పోయాక నీళ్లు వద్దు.

అమావాస్య, పౌర్ణమి రోజులు కుదిరితే తప్పించండి. అప్పుడు పోటు ఎక్కువ, పాటు కూడా ఎక్కువ. పాటు సమయంలో నీళ్లు లాక్కుపోతాయని మావైపు ఇంట్లో పెద్దవాళ్లు పిల్లల్ని దిగనిచ్చేవారు కాదు. మే నెలలో బంగాళాఖాతంలో వాయుగుండాలూ వస్తుంటాయి. తుఫాను ఒడిశా వైపు పోతోందని టీవీలో చెప్పినా మన తీరానికి పెద్ద కెరటాలు వస్తాయి. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ కెరటాల హెచ్చరికలు తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, బయల్దేరే ముందు ఒకసారి చూడండి.

తాజా చేపల మీద ఆశ పెట్టుకోకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరబోట్లకు వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. దొరికే రొయ్యలు ఎక్కువగా చెరువులవి. దానికి బదులు దారిలో తాటి ముంజలు దొరుకుతాయి, పిల్లలకు అవే పండగ. ఒళ్లు కడుక్కోవడానికి ఒక క్యాను మంచినీళ్లు తీసుకెళ్లండి. ఖాళీ అయ్యాక మూత బిగించి దగ్గరే ఉంచుకోండి. ఎవరైనా లోపలికి పోతుంటే ఈత రానివాళ్లు దూకకుండా ఆ క్యాను విసిరితే పట్టుకుని తేలుతారు. అలాంటి పరిస్థితి వస్తే వెంటనే 112కో 108కో ఫోన్ చేయాలి. బయటికి తెచ్చిన మనిషిని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మావైపు ఇప్పటికీ చేస్తుంటారు. అది తప్పు. ఊపిరి లేకపోతే నోట్లోకి గాలి ఊది, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. వెళ్లేలోపు మీ ఇద్దరిలో ఒకరైనా సీపీఆర్ నేర్చుకోండి, దయచేసి.

సముద్రం వద్దనే మీ నిర్ణయం మారకపోతే లక్నవరం చెరువుకు వెళ్లండి. వేలాడే వంతెన మీద నడక, బోటింగ్, చుట్టూ అడవి, అమ్మగారికి కూడా హాయిగా ఉంటుంది. నర్సంపేట వైపు కాకతీయుల నాటి పాకాల చెరువు కూడా చూడొచ్చు. విజయవాడలో ఆగితే కృష్ణలో భవానీ ద్వీపానికి పడవలో వెళ్లి రావచ్చు. పడవ ఎక్కాక అమ్మగారితో సహా అందరూ లైఫ్ జాకెట్ వేసుకుని, బకిల్ పెట్టుకోవాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన తర్వాత నేను ఈ విషయంలో ఎవరి మొహమాటమూ చూడటం లేదు. బాబు సైజు జాకెట్ లేదంటే ఆ పడవ ఎక్కకండి.

సూర్యలంక, వాడరేవు, రామాపురం వైపు ప్రమాదాలు జరిగినప్పుడు పోలీసులు కొన్ని రోజులు బీచ్‌లోకి రానివ్వరు. గది బుక్ చేసేటప్పుడే బీచ్ తెరిచి ఉందా అని అడగండి, బయల్దేరే ముందు రోజు ఇంకోసారి ఫోన్ చేసి కనుక్కోండి. ఆదివారం కాకుండా మంగళ, బుధవారాల్లో పెట్టుకుంటే జనం తక్కువ, పిల్లలు కళ్ల ముందు ఉంటారు. బాపట్లలో దిగాలా, చీరాలలోనా అన్నది మీ రైలును బట్టి చూసుకోండి, తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాస్తే ఆ రోజు తిథి చూసి చెబుతాను.